ఆ పాత కారు ఫోటోలో బాల్‌ఫోర్ లేడు, పక్కనున్నాయన అప్పటికి రాజూ కాదు

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీ తాతగారి ట్రంకుపెట్టెలో అట్ట మీద అతికించిన ఒక ఫోటో దొరికింది. టాపు లేని పాతకాలం మోటారు కారు, ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు. స్టీరింగ్ పట్టుకున్నది మీసాలున్న ఓ ముప్పై ఏళ్ళ మనిషి, పక్కన గడ్డంతో, భారీ శరీరంతో ఓ పెద్దాయన. అట్ట వెనక పెన్సిల్‌తో ఇంగ్లిషులో "ప్రధానమంత్రి బాల్‌ఫోర్, ఎడ్వర్డ్ చక్రవర్తి, ఇంగ్లండులో మొదటి మోటారు కారు, 1899" అని రాసి ఉంది. మీ బాబాయిగారేమో "బాల్‌ఫోర్ కాదు, మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు" అంటున్నారు. ఎవరిది నిజం, ఫోటో అసలుదేనా, అమ్మితే ఏమైనా వస్తుందా అని మీరు అడిగారు.

పాత కార్ల రిపేరు నా వృత్తి, ముప్పై ఏళ్ళ పైమాట. పాత ఫోటోల పిచ్చి దాని వెంటే పట్టుకుంది, ఎందుకంటే ఊడిపోయిన దీపం ఎక్కడుండేదో, మడ్‌గార్డు వంపు ఎలా ఉండేదో చెప్పేది ఫోటోయే. మీరు పంపిన రెండు స్కాన్లు చూశాక నా ఉద్దేశం ఇది: కారు నడుపుతున్నది జాన్ స్కాట్ మాంటేగు, అప్పటి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. పక్కన కూర్చున్నది వేల్స్ యువరాజు ఎడ్వర్డ్, తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజు. కారు కోవెంట్రీలో తయారైన 12 హార్స్‌పవర్ డైమ్లర్. చోటు ఇంగ్లండు దక్షిణ తీరంలోని హైక్లిఫ్. సంవత్సరం 1899. పెన్సిల్ రాతలో ఆ అంకె, ఎడ్వర్డ్ పేరు తప్ప మిగతావన్నీ తప్పే. మీ బాబాయిగారు పేరు సరిగ్గా చెప్పారు, మనిషిని మార్చేశారు.

పెన్సిల్ రాత సంగతి చూద్దాం. 1899లో బ్రిటన్ ప్రధాని లార్డ్ సాలిస్‌బరీ. ఆయన మేనల్లుడే ఆర్థర్ బాల్‌ఫోర్, ఆ పదవిలోకి వచ్చింది 1902 జులైలో. ఎడ్వర్డ్ విషయం కూడా అంతే. వాళ్ళమ్మ విక్టోరియా రాణి 1901 జనవరి 22న పోయాకే ఆయన రాజయ్యాడు. అంటే ఫోటో తీసిన నాటికి ఒకాయన ప్రధాని కాదు, ఇంకొకాయన రాజు కాదు. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇద్దరికీ తర్వాతి హోదాలు తగిలించారు కాబట్టి, ఆ రాత 1902 జులై కంటే ముందు రాసినది అయ్యుండదు. తప్పు రాసినవాడు కూడా తనకు తెలియకుండా తన తేదీ చెప్పేస్తాడు.

పదవులు పక్కన పెట్టి మొహాలే చూసినా తేడా తెలుస్తుంది. 1899 నాటికి బాల్‌ఫోర్‌కి యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి, చాలా ఫోటోల్లో ముక్కు మీద నిలబడే కళ్ళద్దాలతో కనిపిస్తాడు. మీ ఫోటోలో స్టీరింగ్ దగ్గరున్నాయనకి ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళకంటే ఎక్కువ ఉండవు. మాంటేగు పుట్టింది 1866లో. లెక్క సరిపోతుంది.

అయితే బాల్‌ఫోర్ అని రాసినాయన్ని మరీ తప్పుపట్టలేం. బాల్‌ఫోర్‌కి కూడా కార్లంటే బాగా మోజు. ప్రధానిగా ఉండగానే సొంత కార్లలో తిరిగాడు, ఆ కాలపు పత్రికలు దాని మీద కార్టూన్లు కూడా వేశాయి. "మోటారు కారులో రాజకీయ నాయకుడు" అనగానే 1903లో ఎవరికైనా ముందు ఆయనే గుర్తొచ్చి ఉంటాడు.

ఇక అసలు మనిషి. జాన్ స్కాట్ మాంటేగు హ్యాంప్‌షైర్‌లోని బ్యూలీ ఎస్టేటు వారసుడు. ఆ పేరు స్పెల్లింగ్ చూసి ఫ్రెంచివాళ్ళలా పలక్కండి, అక్కడివాళ్ళు బ్యూలీ అనే అంటారు. పెద్దింటి బిడ్డే అయినా కుర్రతనంలో రైల్వే వర్క్‌షాపులో చేరి పని నేర్చుకున్నాడు, రైలింజను నడపడం వచ్చు. నాలాంటి గ్రీజు చేతులవాడికి ఆయనంటే కాస్త అభిమానం ఉండటానికి కారణం అదే. 1892లో న్యూ ఫారెస్ట్ నియోజకవర్గం నుంచి కన్సర్వేటివ్ పార్టీ తరఫున పార్లమెంటుకి వెళ్ళాడు. 1898లో మొదటి డైమ్లర్ కొన్నాడు, మరుసటి ఏడు నాలుగు సిలిండర్ల 12 హార్స్‌పవర్ బండికి మారాడు. మీ ఫోటోలో ఉన్నది ఈ రెండోదే. ఇదే కారుతో ఆ ఏడాది పారిస్–ఆస్టెండ్ పందెంలో పాల్గొన్నాడు.

ఇదే కారుకి ఇంకో కథ ఉంది. 1899లో మాంటేగు దీన్ని నడుపుకుంటూ పార్లమెంటు ఆవరణలోకి రాబోతే గేటు దగ్గర పోలీసు ఆపేశాడు. గుర్రబ్బళ్ళు నిలిపే చోటికి పొగ చిమ్ముకుంటూ వచ్చే యంత్రాన్ని ఎలా రానిస్తాడు పాపం, అలాంటిది అంతకుముందు చూస్తే కదా. మాంటేగు ఊరుకోలేదు, సభ్యుడిగా తన హక్కు అంటూ స్పీకర్ దాకా వెళ్ళాడు. అప్పటి స్పీకర్ విలియం గల్లీ సరే అన్నాడు. ఆ ఆవరణలోకి అడుగుపెట్టిన మొదటి మోటారు కారు ఇదే. "మొదటి కారు" అన్న మాట ఈ కథ నుంచే జారి మీ అట్ట మీదికి చేరిందేమో అని నా అనుమానం. ఇంగ్లండులో మొదటి కారు మాత్రం ఇది కాదు. 1895 జులైలోనే ఎవెలిన్ ఎల్లిస్ అనే ఆయన ఫ్రాన్స్ నుంచి పనార్ కారు తెప్పించుకుని మిచెల్‌డెవర్ రైలు స్టేషన్ నుంచి డాచెట్‌లో తన ఇంటిదాకా నడిపాడు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఫోటోని ఎవరో సరదాగా దిగిన బొమ్మ అనుకుంటే సగమే చూసినట్టు. ఆ రోజుల్లో కారుని బహిరంగంగా వెనకేసుకురావడం అంటే రాజకీయంగా కాస్త తెగింపు పనే. 1865 చట్టం ప్రకారం రోడ్డు మీద సొంతంగా కదిలే ఏ బండైనా ఊళ్ళ బయట గంటకు 4 మైళ్ళు, ఊళ్ళలో 2 మైళ్ళు దాటకూడదు. ముగ్గురు మనుషులుండాలి, వాళ్ళలో ఒకడు ఎర్ర జెండా పట్టుకుని ముందు నడవాలి. ఆవిరితో నడిచే భారీ బళ్ళ కోసం రాసిన రూలది. జెండా అవసరం 1878లో పోయింది గానీ మనిషి ముందు నడవాల్సిందే. 1896 నవంబరు 14న కొత్త చట్టం వచ్చాక గానీ కార్లకి ఊపిరాడలేదు. ఆ రోజు లండన్ నుంచి బ్రైటన్‌కి కార్లు పండగలా ఊరేగింపు తీశారు. అప్పుడు కూడా పరిమితి కాగితం మీద 14 మైళ్ళే, అధికారులు దాన్ని 12కి దించారు. మన లెక్కలో 19 కిలోమీటర్లు, సైకిల్ మీద కుర్రాడు తొక్కే స్పీడు.

దానికి తోడు జనానికి కారంటే మంట. రోడ్లన్నీ కంకర, మట్టి, నీళ్ళు కలిపి దిమ్మిస చేసినవి. తారు కలిపిన రోడ్డుకి హూలీ అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్నదే 1902లో. కారు పోతే చాలు, వీధి వీధంతా దుమ్ము, ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి. గుర్రాలు బెదిరి బళ్ళు బోల్తా కొట్టించేవి. 1896 ఆగస్టులో లండన్ క్రిస్టల్ పాలెస్ దగ్గర ఒక మహిళ కారు కింద పడి చనిపోవడంతో భయం ఇంకా పెరిగింది. ఊరి మేజిస్ట్రేట్లలో చాలామంది గుర్రాల మీద వేటాడే భూస్వాములే, కారువాడు బోనెక్కితే జుల్మానా వేయడానికి సిద్ధంగా ఉండేవాళ్ళు.

అలాంటప్పుడు కాబోయే రాజు వచ్చి ఓ ఎంపీ పక్కన కారెక్కి కూర్చుని ఫోటో దిగితే దాని బరువు ఎంతో ఊహించండి. ఇంకోటి, సీట్లు చూడండి. పెద్దమనిషి వెనక కూర్చోవడం, తోలేవాడు ముందు కూర్చోవడం గుర్రబ్బండి పద్ధతి. ఇక్కడ యువరాజు ముందు సీట్లో ఉన్నాడు, బండి తోలుతున్నది జీతగాడు కాదు, లార్డుగారి కొడుకు. (సరదాకి నాలుగు గుర్రాల బండిని స్వయంగా తోలే దొరలు అంతకుముందూ ఉన్నారు, కాబట్టి ఇది పూర్తిగా కొత్త వింత అనను. కారుని కూడా ఆ దొరల సరదాల లెక్కలోకి చేర్చడమే మాంటేగు చేసిన తెలివైన పని.) ఇది ప్రమాదకరమైన యంత్రం కాదు, మర్యాదస్తులు ఎక్కే బండి అని వెయ్యి ఉపన్యాసాల్లో చెప్పలేనిది ఆ ఒక్క ఫోటో చెప్పేసింది. మరుసటి ఏడాదే, 1900లో, ఎడ్వర్డ్ తన సొంతానికి డైమ్లర్ కొనుక్కున్నాడు. లండన్‌లోని ఆటోమొబైల్ క్లబ్బుకి 1907లో "రాయల్" అనే పేరు తగిలించింది కూడా ఆయనే.

ఇంతా చెప్పి తేదీ ఎలా తేల్చానో చెప్పకపోతే ఎలా. పాత కారు ఫోటోలో నేను ముందు చూసేది అందులో లేని వస్తువుని, అంటే నంబరు ప్లేటుని. బ్రిటన్‌లో కార్లకి నంబర్లు 1904 జనవరి 1 నుంచి వచ్చాయి, బాల్‌ఫోర్ ప్రభుత్వం 1903లో తెచ్చిన మోటారు కార్ చట్టంతో. హ్యాంప్‌షైర్ కార్లకి "ఏఏ" అక్షరాలు, లండన్‌కి "ఏ". ప్లేటు లేకపోతే 1904కి ముందుది, ఉంటే తర్వాతది. సూత్రం ఇంత సులువు. కానీ మూడు చోట్ల కాలు జారుతుంది. ఫ్రాన్స్‌లో తీసిన ఫోటో అయితే అక్కడ 1901 నుంచే నంబర్లున్నాయి. కొన్నిసార్లు పత్రికలవాళ్ళు బ్రష్‌తో ప్లేటుని చెరిపేస్తారు. మూడోది అందరూ మర్చిపోయేది: రాజుగారి అధికారిక కార్లకి ప్లేటే ఉండదు, ఈరోజుకీ ఉండదు. కాబట్టి ఎడ్వర్డ్ కూర్చున్న కారుకి ప్లేటు లేదు అన్న ఒక్క కారణంతో 1904కి ముందుది అనకూడదు. కారు మాంటేగుది అని తేలాకే ఆ సూత్రం పనిచేస్తుంది. మీ ఫోటోలో ముందు భాగం మొత్తం కనబడుతోంది, రేడియేటరు గొట్టాల కింద ప్లేటు బిగించిన గుర్తు కూడా లేదు.

ఈ ప్లేటు విషయంలో నాకు చేతులు కాలాయి కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ బజార్లో ఒకతను "1898 లండన్ ఫోటో సార్, గ్యారంటీ" అంటే ఎగేసుకుని కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే వెనక చక్రం పక్కన నీడలో ప్లేటు మూల నిక్షేపంగా కనిపిస్తోంది. అతన్ననడానికేముంది, భూతద్దం జేబులో పెట్టుకుని వెళ్ళకపోవడం నా తప్పు.

రెండో పరీక్ష, ఫోటో తిరగబడిందా లేదా. గాజు పలక నెగటివ్‌ని తిరగేసి ముద్రిస్తే కుడి ఎడమలు మారిపోతాయి. దీనికి కారుని చూడటం కంటే కోటు బొత్తాలు చూడటం మేలు. మగవాళ్ళ కోటులో వాళ్ళ ఎడమవైపు అంచు కుడివైపు మీదికి వస్తుంది, అంటే ఎదురుగా చూసే మనకి కుడివైపున్న అంచు పైన ఉండాలి. మీ స్కాన్‌లో పెద్దాయన కోటు అలాగే ఉంది, కాబట్టి ఫోటో సరైన వైపే ఉంది. డ్రైవరు కుడిపక్కన, గేరు, బ్రేకు కడ్డీలు ఆయనకి బయటివైపు ఉన్నాయి, అవీ దీనికి సరిపోయాయి.

చక్రాల చువ్వలు గీసినట్టు స్పష్టంగా ఉన్నాయంటే బండి ఆగి ఉంది. వీళ్ళిద్దరి భంగిమ చూసినా తెలుస్తుంది, ఫోటోగ్రాఫరు "కదలకండి" అన్నాక బిగుసుకుపోయిన మొహాలవి. ఆ కాలం డైమ్లర్లలో స్పార్కు ప్లగ్గులకి బదులు ఎర్రగా కాల్చిన ప్లాటినం గొట్టాలుండేవి, వాటిని కాల్చడానికి చిన్న పెట్రోలు బర్నర్లు. గాలి ఎక్కువైతే బర్నరు ఆరిపోయేది, దిగి వెలిగించుకోవాలి. యువరాజుని ఎక్కించుకున్న రోజు అలా ఆరిపోతే మాంటేగుకి ఎంత టెన్షన్ వచ్చుండేదో అని ఈ ఫోటో చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పుడు మీ కాగితం సంగతి, ఇది మీకు నచ్చకపోవచ్చు. రెండో స్కాన్‌లో పెద్దాయన గడ్డం దగ్గర పెద్దది చేసి చూడండి. వరసలు వరసలుగా చుక్కలున్నాయి. అసలు ఫోటో ప్రింటులో చుక్కలుండవు, నలుపు నుంచి తెలుపుకి మెత్తగా కలిసిపోతుంది. చుక్కలున్నాయంటే అచ్చు యంత్రం మీద పడినది, పత్రికలోంచి కత్తిరించి అట్టకి అతికించినది. పైన ఎడమ మూల కాస్త లేచి వెనక ఏదో ప్రకటన అక్షరాలు కనబడుతున్నాయి, అదీ ఇదే చెప్తోంది. బొమ్మ 1899దే, నకిలీ కాదు. మీ చేతిలో ఉన్న కాగితం మాత్రం తర్వాత ఎప్పుడో అచ్చయినది కావచ్చు. మాంటేగే 1902లో కార్ల కోసం ఒక వారపత్రిక పెట్టాడు, ఆ తర్వాత ఇలాంటి బొమ్మలు పత్రికల్లో విరివిగా వచ్చాయి.

మీ బాబాయిగారి మాంటేగు విషయానికొద్దాం. గ్రూప్స్‌కి చదివినవాళ్ళందరూ ఇక్కడ బోల్తా పడతారు. సంస్కరణల మాంటేగు పేరు ఎడ్విన్, 1917 నుంచి 1922 దాకా భారత వ్యవహారాల మంత్రి. 1899లో అతనికి ఇరవయ్యేళ్ళు. కార్ల మాంటేగు వేరే కుటుంబం, వేరే పార్టీ. గందరగోళం పెరగడానికి ఇంకో కారణం ఉంది, కార్ల మాంటేగు కూడా అదే కాలంలో మన దేశంలో పనిచేశాడు. తండ్రి పోయాక 1905లో లార్డ్ మాంటేగు ఆఫ్ బ్యూలీ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత ప్రభుత్వానికి మోటారు రవాణా సలహాదారుగా వేశారు. 1915 డిసెంబరులో అందుకోసమే "పర్షియా" అనే ఓడలో బయల్దేరితే, 30వ తేదీన క్రీట్ దగ్గర జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. మూడొందలమందికి పైగా చనిపోయారు. ఆయన సెక్రెటరీ ఎలనోర్ థార్న్‌టన్ కూడా అందులో పోయింది. రోల్స్ రాయిస్ బానెట్ మీద రెక్కలు చాచినట్టుండే ఆడ బొమ్మ ఉంటుంది చూడండి, దానికి ఆమే నమూనా అంటారు. మాంటేగు పగిలిన పడవ పట్టుకుని ఒక రోజు పైన సముద్రంలో ఉండి బతికి బయటపడ్డాడు. ఇంటికెళ్ళాక తన మరణవార్తలు తనే చదువుకున్నాడు.

1903 చట్టం గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మీ ఫోటోలో మొదలైన కథ అక్కడికే వెళ్తుంది. మాంటేగు సభలో అడిగింది ఏంటంటే, కార్లకి నంబర్లు పెట్టండి, నిర్లక్ష్యంగా నడిపినవాణ్ణి పట్టుకుని శిక్షించండి, వేగ పరిమితి మాత్రం ఎత్తేయండి అని. తోటి కారు యజమానుల్లో చాలామందికి నంబరంటేనే అవమానం, అద్దెబండిలా కనిపిస్తామని. చివరికి నంబరు వచ్చింది, పరిమితీ మిగిలింది, కాకపోతే గంటకి 20 మైళ్ళకి పెరిగింది. లైసెన్సుకి పరీక్ష లేదు, పదిహేడేళ్ళు నిండి అయిదు షిల్లింగులు కడితే చాలు. తర్వాత పోలీసులు పొదల చాటున స్టాప్‌వాచీలతో కూర్చోవడం, వాళ్ళున్న చోటు హెచ్చరించడానికి 1905లో కారువాళ్ళు ఒక సంఘమే పెట్టుకోవడం, అదంతా పెద్ద కథ. ఆ 20 మైళ్ళ పరిమితి 1930 చట్టం దాకా పోలేదు. మాంటేగు అప్పటికి లేడు, 1929లోనే చనిపోయాడు.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను: అచ్చు కాగితం కాబట్టి పెద్దగా రాదు. ఎవరైనా "రాజుగారి ఫోటో" అని ఎగదోసి అడిగినా, ఎగదోసి అమ్మజూపినా నమ్మకండి. నిర్ధారణ కావాలంటే బ్యూలీలోని నేషనల్ మోటార్ మ్యూజియానికి స్కాన్ పంపండి. 1952లో మాంటేగు కొడుకు తండ్రి జ్ఞాపకంగా అయిదు కార్లతో పెట్టిన మ్యూజియం అది, వాళ్ళ దగ్గర ఫోటోల పెద్ద భాండాగారం ఉంది. ఈ డైమ్లర్‌ని అక్కడ ప్రదర్శనలో కూడా పెట్టారు.

లేచిన మూలని జిగురుతో అంటించకండి, టేపు అసలే వద్దు. పెన్సిల్ రాతని చెరపకండి, తప్పయినా అది మీ తాతగారి కాలపు చేతిరాత. సరైన వివరాలు వేరే చీటీ మీద రాసి, రెండూ కలిపి ఆమ్లం లేని కాగితపు కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ వద్దు, మన వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది. ఆ లేచిన మూల కింద కనబడే ప్రకటనని మాత్రం, లాగకుండా, పక్కనుంచి టార్చి వేసి ఫోన్‌తో దగ్గరగా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏదో ధర అంకె సగం కనబడుతోంది. అది ఏ వస్తువుదో తెలిస్తే పత్రిక ఏ ఏడుదో చెప్పగలనేమో చూస్తాను.